ఆపరేషన్ ప్యాకేజీ కట్టే ముందు చూసుకోండి: బోర్డు ఒకటే, బిల్లు వేసే కంపెనీలు మూడు

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ హాస్పిటల్‌లో అమ్మకు మోకాలి మార్పిడి చేయించాం. ప్యాకేజీ 2 లక్షల 10 వేలు అన్నారు. "అన్నీ ఇందులోనే కదా?" అని రెండుసార్లు అడిగాను. "అన్నీ ఇన్‌క్లూడెడ్ మేడమ్" అంది కౌంటర్‌లో అమ్మాయి. డిశ్చార్జి రోజు కట్టింది 2 లక్షల 96 వేలు.

ఎక్కువైన 86 వేలలో మందులు, గ్లౌజులు, డ్రెస్సింగ్ సామాను 61 వేలు, మిగతాది పరీక్షలు. నిలదీస్తే వచ్చిన జవాబు: "ఫార్మసీ, ల్యాబ్ వేరే కంపెనీలు మేడమ్, మా ప్యాకేజీలోకి రావు." అదే బిల్డింగ్, అదే లోగో! అమ్మను పక్కన పెట్టుకుని గొడవ పడలేక కట్టేశాం.

ఇంటికొచ్చి మూడు బిల్లుల మీద జీఎస్టీ నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాను. అందులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండేది పాన్ నంబరు. మూడూ వేరు, అంటే కాగితం మీద కంపెనీలు వేరే. కానీ మాతృసంస్థ వార్షిక నివేదికలో మూడూ దాని అనుబంధ కంపెనీలే. హాస్పిటల్ పేషెంట్లను తెస్తుంది, ఫార్మసీ, ల్యాబ్ లాభం తెస్తాయి, అంతా ఒకే ఖాతాలో తేలుతుంది. బయట మెడికల్ షాపుకి పక్క షాపు పోటీ ఉంటుంది. బెడ్ మీద ఉన్న మనిషికి పక్క షాపు ఏది?

ఇంప్లాంట్ (మోకాల్లో అమర్చే కృత్రిమ కీలు) ధర మాత్రం సరిగ్గానే వేశారు. 2017 ఆగస్టు నుంచి మోకాలి ఇంప్లాంట్లకు ప్రభుత్వ గరిష్ఠ ధర ఉంది. ధరల కంట్రోల్ లేని చిన్న సామాన్ల మీదే నాకు భారం పడిందని నా నమ్మకం. 2018లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు హాస్పిటళ్ల బిల్లులు పరిశీలిస్తే, కొన్ని సామాన్ల మీద లాభం 1737 శాతం దాకా తేలింది.

లోపలి ఫార్మసీలోనే కొనాలని బలవంతం చేయడంపై వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో తనే ఆదేశాలివ్వలేదు, విధానం ఆలోచించమని రాష్ట్రాలకు వదిలేసింది. కాబట్టి ప్రస్తుతానికి మన జాగ్రత్తే మనకు. మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంట్ హక్కుల పత్రంలో ఉంది, అడ్మిషన్ అప్పుడే ఆ మాట ఎత్తండి. ప్యాకేజీలో ఫార్మసీ, ల్యాబ్ ఉన్నాయా లేవా అన్నది కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నోటిమాట అస్సలు నమ్మొద్దు.

ఇంకొకటి. రూమ్‌లో మిగిలిన, సీల్ తీయని సామాను డిశ్చార్జికి ముందే లెక్కపెట్టి రిటర్న్ అడగండి. మాకు ఎవరూ చెప్పలేదు, పక్క బెడ్ అత్తమ్మగారి కొడుకు చెబితే తెలిసింది. 6,400 వెనక్కి ఇచ్చారు.