ఉప్పుగాలి ఊళ్లో మొదటి కారు: పాత వ్యాగన్ ఆర్‌తో ఆరు నెలలు

మా ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ కారు లేదు. విశాఖపట్నం మధురవాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పే నాకు, నాలుగేళ్లుగా కూడబెట్టిన 2,60,000 రూపాయలకు చిన్న బ్యాంకు అప్పు కలుపుకున్నా నాలుగు లక్షలు దాటి పెట్టే స్తోమత లేదు. కారు కొనక తప్పని పరిస్థితి అమ్మ మోకాళ్ల వల్ల వచ్చింది. ఆటో ఎక్కాలంటే ఆమె ముందు కడ్డీ పట్టుకొని, ఒక కాలు పైన పెట్టి, రెండో కాలిని చేత్తో పట్టి లోపలికి లాక్కునేది. ఆ రెండో కాలు లోపలికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. అందుకే 2025 అక్టోబరులో, 2019లో తయారైన మారుతి సుజుకి వ్యాగన్ ఆర్, ఒక లీటరు పెట్రోలు ఇంజిను ఉన్నది, 3,55,000 రూపాయలకు కొన్నాను. అప్పటికి అది 48,200 కిలోమీటర్లు తిరిగి ఉంది. ఆ తరవాత ఆరు నెలల్లో నేను 5,400 కిలోమీటర్లు నడిపాను.

కొత్త కారు గురించి ఆలోచించకుండా పాత కారు దగ్గరికి వెళ్లలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గడంతో, మారుతి చిన్న కార్లు ఎస్-ప్రెసో 3,49,900 దగ్గర, ఆల్టో కె10 3,69,900 దగ్గర మొదలవుతున్నాయని విని రెండింటినీ చూసి వచ్చాను. ఆ ధర ఎప్పుడూ అన్నిటికన్నా కింది రకానిది, అదీ షోరూం ధర. దాని మీద లైఫ్ ట్యాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ పడి, ఏసీ ఉన్న రకానికి వెళితే నా నాలుగు లక్షలు చాలలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆల్టోలో కూర్చోవాలంటే అమ్మ కిందికి ఒరిగి కూర్చోవాలి, దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు వేసి పైకి లేవాలి. వ్యాగన్ ఆర్ సీటు మాత్రం ఆమె నడుము ఎత్తుకు దగ్గరగా ఉంది. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంది. నేను ఏ కారు కొనాలో ఆ నిమిషంలోనే తేలిపోయింది. ఇంట్లో మోకాళ్ల నొప్పి ఉన్నవారు లేకపోతే, మరో అరవై డెబ్భై వేలు సమకూరే వీలుంటే, కొత్త ఆల్టో కె10 కొనడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే 2025 నుంచి దాని అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు.

మొదట నేను చేసిన పొరపాటు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో పాత కారు కొనే ప్రతివారికీ అది ఎదురవుతుంది. హైవే పక్కన ఉన్న ఒక కార్ల కన్సల్టెన్సీలో తెల్లని వ్యాగన్ ఆర్ ఒకటి అద్దంలా మెరుస్తూ కనిపించింది. సింగిల్ ఓనర్ అన్నారు, ధర నేను అనుకున్నదాని కంటే ఇరవై వేలు తక్కువ చెప్పారు, సాయంత్రానికి మరొకరు తీసుకెళతారన్నారు. నేను అక్కడే నిలబడి ఫోనులో 5,000 రూపాయలు బయానా పంపాను. మర్నాడు మా పెద్దమ్మ గారి అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లాను. ఆయన గాజువాకలో ఇరవై ఏళ్లుగా మెకానిక్‌గా పని చేస్తున్నారు. నేను బానెట్ ఎత్తబోతుంటే, "అది తరవాత చూద్దువుగాని చెల్లీ, ముందు కింద చూడాల" అని గోనెసంచి పరిచి కారు కింద పడుకున్నారు. అడుగుభాగమంతా కొత్తగా నల్లరంగు పూసి ఉంది. అన్నయ్య స్క్రూడ్రైవర్ పిడితో డ్రైవరు తలుపు కింది అంచు పొడవునా తట్టుకుంటూ వచ్చారు. ముందు వైపు ఠంగుమన్న చప్పుడు, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి నానిన అట్టను తట్టినట్టు మొద్దుగా వినిపించింది. అక్కడ గోటితో గీరితే నల్లరంగు పెచ్చుగా ఊడి, కింద ఇటుకపొడి లాంటి తుప్పు అరచేతిలోకి రాలింది. వానాకాలం కదా అని రంగు పూయించామన్నారు అమ్మేవారు. కారు వద్దన్నాను. బయానా తిరిగి ఇవ్వలేదు. రశీదు కింద చిన్న అక్షరాల్లో అలాగే రాసి ఉంది, నేను చదవలేదు. నాకు 5,000 రూపాయలంటే చిన్న మొత్తం కాదు.

విశాఖలో ఈ తుప్పు ఎందుకింత ముఖ్యమో అన్నయ్య దారిలో వివరించారు. సముద్రం మీదనుంచి వచ్చే ఉప్పు తేమలో కలిసి, ఇనుము మీద తడిని ఎక్కువసేపు ఆరనివ్వదు. ఆ తడిలో తుప్పు పట్టడం మామూలు నీటిలో కంటే వేగంగా సాగుతుంది. బీచ్ రోడ్డుకు దగ్గరగా, ఆరుబయట ఏళ్ల తరబడి నిలిపిన కారుకు పైన రంగు బాగానే ఉన్నా, తలుపుల కింది అంచులు, చక్రాల గూళ్లు, సైలెన్సర్ అతుకులు, సస్పెన్షన్ బిగించిన చోట్లు తినేసి ఉంటాయి. పైరంగు అందరికీ కనిపిస్తుంది కాబట్టి మెరుగు పెడతారు, అడుగుభాగం ఎవరూ చూడరు కాబట్టి కప్పిపెడతారు. రెండు లక్షల లోపు బడ్జెట్‌తో 2014కు ముందటి కార్లు చూసేవారు మరొకటి అడగాలి: ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటిన రోజు ఆ కారు ఎక్కడ ఉంది? ఆ రోజు చెట్లు కూలి నలిగిపోయిన కార్లు ఎన్నో ఉన్నాయి. పైకప్పు అంచు వెంట, తలుపుల మధ్య స్తంభాల దగ్గర రబ్బరు కాస్త లాగి చూస్తే మళ్లీ అతికిన గుర్తులు దొరుకుతాయి. 2019కి ముందు ఏపీ 31 అని ఉంటే విశాఖ బండి అని తెలిసేది. ఆ ఏడాది రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వరుస రావడంతో, కారు ఏ జిల్లాలో తిరిగిందో నంబరు చూసి చెప్పలేము. ఆర్సీలోని చిరునామా చూడాలి, కారు రాత్రిళ్లు ఎక్కడ నిలిపేవారో అడగాలి.

నేను చివరికి కొన్న కారు పెందుర్తిలో, సముద్రానికి దూరంగా, షెడ్డులో ఉండేది. దాని యజమాని ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి; సర్వీసు పుస్తకం, ప్రతి బిల్లు ఒక ఫైలులో పెట్టి ఉంచారు. సైలెన్సర్ అతుకు దగ్గర కొంచెం తుప్పు ఉందని, టైర్లు మార్చాలని మేము అడగకముందే ఆయనే చెప్పారు. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. నాలుగు టైర్లూ 2019 నాటివే కావడం వల్ల, 48,200 కిలోమీటర్ల లెక్క కూడా నమ్మదగినదిగా అనిపించింది; అంతకంటే బాగా ఎక్కువ తిరిగి ఉంటే టైర్లు ఈపాటికే మార్చి ఉండేవారు. ఉదయం చల్లగా ఉన్న ఇంజినును మేమే స్టార్టు చేసి చూశాము. బేరంలో 20,000 తగ్గించారు. ఆయన తగ్గించకపోయినా నేను కొనేదాన్నని ఇప్పుడు చెప్పగలను.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమాని, బీమా ఎప్పటివరకు ఉంది, బ్యాంకు అప్పు మిగిలి ఉందా అన్నవి తెలిశాయి. అప్పు మీద కొన్న కారైతే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే పత్రం, ఆర్సీలో అప్పు నమోదును తీసేయించే ఫారం 35 లేకుండా డబ్బు చేతికి ఇవ్వకూడదు. పేరు మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజునే తీసుకోవాలి. కారు చేతికి వచ్చిన 30 రోజుల్లో పేరు మార్పుకు కొన్నవారు దరఖాస్తు చేయాలి. బీమా 14 రోజుల్లో మన పేరుకు మార్చుకోవాలి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. మార్చుకోకపోతే ఎదుటివారికి కలిగిన నష్టానికి బీమా వర్తిస్తుంది గాని మన కారుకు జరిగిన నష్టానికి పరిహారం రాదు. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే పరిహారం అడగని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనది, కారుది కాదు. కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదానికంటే ఎక్కువే అవుతుంది.

కొత్తదైనా పాతదైనా మన ఊళ్లో కారు మొదట వెళ్లేది ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికే. పూజ అయ్యాక చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీదుగా పోనివ్వాలి. క్లచ్ ఇంకా నాకు చేతకాని రోజులు కావడంతో మూడుసార్లు ఇంజిను ఆగిపోయింది, నాలుగోసారి నిమ్మకాయలు నలిగాయి. ముందు సీట్లో అమ్మ చేతులు జోడించి కూర్చుని ఉంది.

ఇక కారు విషయం. బయటి నుంచి చూస్తే పొడవు 3,655 మిల్లీమీటర్లే. మా అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య సులువుగా పడుతుంది. ఎత్తు 1,675 మిల్లీమీటర్లు కావడం వల్ల లోపల ఇరుకనిపించదు, ముందు రోడ్డు బాగా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకున్నవారికి ఈ చూపు పెద్ద ధైర్యం. డిక్కీ 341 లీటర్లు. అమ్మ మడత కుర్చీ, ఒక బియ్యం బస్తా, రెండు సంచులు పట్టాయి. అయితే ఎత్తుగా, తేలికగా ఉన్న కారు కాబట్టి, భీమిలి దారిలో సముద్రపు గాలి పక్కనుంచి బలంగా కొట్టినప్పుడు కాస్త ఊగుతుంది. నేను 80 దాటను.

ఇంజిను 998 సీసీ, మూడు సిలిండర్లది, సుమారు 67 హార్స్ పవర్ ఇస్తుంది. మూడు సిలిండర్ల ఇంజినుకు సహజంగా ఉండే సన్నటి వణుకు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు స్టీరింగులో తెలుస్తుంది, కదిలాక పోతుంది. ఊళ్లో తిరగడానికి ఈ బలం ధారాళంగా సరిపోతుంది. హనుమంతువాక దగ్గర వాలులో ఆగి మళ్లీ కదలడం మాత్రం నాకు నెల రోజుల పాటు పరీక్షే అయింది. వెనక్కి జారకుండా పట్టే ఏర్పాటు ఈ కారులో లేదు కాబట్టి, హ్యాండ్ బ్రేకు పట్టి క్లచ్ సగం వదిలి, ముందుభాగం కొంచెం లేచినట్టు అనిపించాక బ్రేకు దించాలని అన్నయ్య నేర్పారు. జనవరిలో శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లాము. నలుగురు మనుషులు, సామాను, ఏసీ అన్నీ ఉంటే అనంతగిరి ఘాట్‌లో ఎక్కువభాగం రెండో గేరులోనే ఎక్కాలి. మలుపుల దగ్గర ఏసీ ఆపితే తేడా వెంటనే తెలుస్తుంది. నెలకొకసారి ఘాట్ ఎక్కేవారు ఇదే కారులో 1.2 లీటర్ల ఇంజిను ఉన్నది వెతుక్కోవాలి. ఏసీ ఏప్రిలు ఉక్కపోతలో ముందు సీట్లకు బాగా పని చేసింది, వెనక సీటుకు చల్లదనం చేరడానికి పది నిమిషాలు పడుతుంది.

మైలేజీని ట్యాంకు నిండా కొట్టించి, మధ్యలో తిరిగిన కిలోమీటర్లను, మళ్లీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో భాగించి లెక్క కట్టాను. ఊళ్లో 15 నుంచి 16, శ్రీకాకుళం వైపు హైవే మీద 20 వచ్చింది. లీటరు 108 రూపాయల పైనే ఉన్న పెట్రోలుతో ఆ ఆరు నెలల్లో ఊళ్లో కిలోమీటరుకు ఏడు రూపాయలు పడింది. ఇంజిను లోపలి భాగాలను వేళకు కదిలించడానికి ఇందులో టైమింగ్ బెల్టు కాక చెయిన్ ఉండటం వల్ల బెల్టు మార్చే ఖర్చు లేదు.

రక్షణ గురించి దాచి రాయడం న్యాయం కాదు. కార్లను ఢీకొట్టించి రక్షణను పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2019లో చేసిన పరీక్షలో ఈ కారుకు పెద్దల రక్షణకు ఐదింటికి రెండు నక్షత్రాలు, 2023లో కఠినమైన కొత్త పద్ధతిలో చేసిన పరీక్షలో ఒకటి, పిల్లల రక్షణకు సున్నా వచ్చాయి. అది తెలిసే కొన్నాను. 2019 కార్లలో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అన్నిటికీ ఉన్నాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ అనే రకాలలో పేరు చివర 'ఓ' అక్షరం ఉన్నవాటికే ఉంటుంది. అమ్మ కూర్చునేది ఆ సీట్లోనే కాబట్టి నేను 'ఓ' రకమే కావాలని రెండు నెలలు ఆగాను. వెనక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకుంటేనే నేను కారు కదిలిస్తాను; మా పిన్ని గారికి అది నచ్చలేదు, అయినా పెట్టుకున్నారు.

లెక్కల టీచరును కాబట్టి ఖర్చు రాసుకున్నాను. కారుకు 3,55,000, నాలుగు టైర్లకు 15,200, బీమాకు 9,600, బ్యాటరీకి 4,300, సైలెన్సర్ అతుకుకూ అడుగుభాగం పూతకూ కలిపి 3,800, పేరు మార్పుకు 1,500. పోయిన బయానాతో కలిపి 3,94,400 అయింది. నాలుగు లక్షలున్నాయని నాలుగు లక్షల కారు చూసి ఉంటే, ఆ 2019 టైర్ల మీదే అరకు ఘాట్ ఎక్కాల్సి వచ్చేది.

బీచ్ రోడ్డుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల పైపుతో చక్రాల గూళ్లు, తలుపుల కింది అంచులు కడుగుతున్నాను. ఈ నెలలో ఒకరోజు వెనక కుడి గూటిలో, రంగు శనగబద్దంత పొంగి కనిపించింది. వానలు మొదలయ్యేలోపు గీకి పూత వేయాలని అన్నయ్య అన్నారు. వచ్చే ఆదివారం ఉదయం గాజువాక తీసుకువెళుతున్నాను.