యాద్ సారా, జెరూసలేం: వీల్‌చైర్ కొనేముందు ఇక్కడికి వెళ్ళండి

నేను చూసుకునే పెద్దావిడకి తుంటి ఆపరేషన్ అయింది, డాక్టర్ వాకర్, వీల్‌చైర్ రెండూ కావాలన్నాడు, కొనకు, యాద్ సారాలో అడుగు అని ఆవిడ అబ్బాయి చెప్తే వెళ్ళా. ఇలాంటి వస్తువులు వాడుకోడానికి ఇచ్చి మళ్ళీ తీసుకునే స్వచ్ఛంద సంస్థ అది. అద్దె లేదండీ, డిపాజిట్ కడితే చాలు, వస్తువు తిరిగిచ్చేశాక అదీ వెనక్కి ఇచ్చేస్తారు. కౌంటర్లో ఉన్నాయన రిటైరైన వాలంటీర్ అంట, వాకర్ ఎత్తు ఆవిడకి సరిపోయేలా పెట్టి, వీల్‌చైర్ బ్రేకులు రెండూ పట్టి చూసి మరీ ఇచ్చాడు.

1976లో ఊరి లుపోలియాన్‌స్కీ అనే ఆయన మొదలుపెట్టాడు దీన్ని, తర్వాత ఆయనే జెరూసలేం మేయర్ కూడా అయ్యాడు. యూదుల్లో సంపాదనలో పదో వంతు దానానికి తీసిపెట్టే ఆచారం ఉంది. 12వ శతాబ్దం నాటి యూదు పండితుడు మైమోనిడిస్ దానానికి 8 మెట్లు చెప్పాడు, అన్నిటికన్నా పైమెట్టు ఏంటంటే అప్పో పనో ఇచ్చి మనిషిని తన కాళ్ళమీద నిలబెట్టడం. ఇక్కడ కూడా ఉన్నోళ్ళూ లేనోళ్ళూ ఒకటే లైను, చెయ్యి చాచినట్టు అస్సలు అనిపించదు, నాకు బాగా నచ్చింది అదే.

శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా షబ్బాత్, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి రోజు, మూసేసి ఉంటుంది. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న మనోళ్ళు అడ్రస్ ఫోన్లో సేవ్ చేస్కోండి, వేరే ఊళ్ళల్లో కూడా బ్రాంచీలున్నాయి.