హన్మకొండలో పాత జావా బొమ్మల ప్రింట్లు: ప్రింటు బాగుంది, ఫ్రేముతోనే జాగ్రత్త

హన్మకొండ చౌరస్తా దగ్గరి ఈ షాపులో వేయించినవి ఆగస్ట్ వాన్ పెర్స్ గీసిన ఇండోనేషియా దీవుల మనుషుల బొమ్మలు. ఆ దీవులు డచ్చివాళ్ల పాలనలో ఉన్నప్పుడు, 1850లలో నెదర్లాండ్స్‌లోని హేగ్‌ నగరంలో రంగుల రాతి అచ్చులో వెలువడ్డాయి.

మెరుపు లేని, మందపాటి (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు. బొమ్మల్లోని బాతిక్ (మైనం అద్ది రంగులేసే) గుడ్డ మీది సన్న గీతలు కూడా విడివిడిగా తేలాయి, ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఏ4 సైజుకు 2480×3508 పిక్సెల్స్ ఫైలు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే గీతలు అలుక్కుపోతాయి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి.

తేడా కొట్టేది రంగుల్లో. ఆపరేటర్ ఆటో కరెక్షన్ నొక్కితే పాత కాగితం పసుపు పోయి, ఒంటి ఛాయలన్నీ ఒకే ఎరుపుకు తిరుగుతాయి. ఈ బొమ్మల్లో ఎవరి ఛాయ వాళ్లది. అదే పోతే ఇంకేం మిగిలింది? ముందు అరచేయంత ముక్క తీయించి, బయట పగటి వెలుతురులో చూసుకోండి. కింద పేరున్న అంచు కోయొద్దని గట్టిగా చెప్పండి.

ఫ్రేము పని మాత్రం నచ్చలేదు. అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించారు. వానాకాలం చెమ్మకు ప్రింటు అద్దానికి అతుక్కుంటుంది, తీయబోతే రంగు లేచొస్తుంది. మధ్యలో యాసిడ్ లేని మౌంట్ బోర్డు (అద్దం ప్రింటుకు తగలకుండా చుట్టూ వేసే మందపాటి అట్ట) అడిగి వేయించుకోండి. నిగనిగలాడే లామినేషన్ వద్దేవద్దు.