చిందులు తొక్కారా, మండిపడ్డారా, విరుచుకుపడ్డారా: ఏది మేలు?

కోపంతో అరిచిన మనిషి గురించి రాయాలంటే తెలుగులో మాటలకు కరువేం లేదు. అయినా రోజూ పేపర్లలో, టీవీ స్క్రోలింగుల్లో తిరిగేవి నాలుగైదే: మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు, చిందులు తొక్కారు. అన్నీ ఒకటే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వేసేస్తున్నారు. ఒకటి కాదండీ. ఏ మాట వేశామన్నదాన్ని బట్టి తప్పెవరిదో కూడా మనమే తేల్చేసినట్టవుతుంది, నా బాధంతా అదే.

చిందులు తొక్కడమే తీసుకోండి. చిందు అంటే ఆట, అడుగు. తెలంగాణలో చిందు యక్షగానం చూసినవాళ్లకు ఆ కాళ్ల ఊపు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సంతోషమొస్తే చిందులు వేస్తాం, కోపమొస్తే చిందులు తొక్కుతాం. ఈ మాట వినగానే ఉన్నచోట నిలవలేక కాళ్లు నేలకేసి కొడుతున్న మనిషి కళ్లముందుకొస్తాడు గానీ, ఆయన ఏమన్నాడో, ఎందుకన్నాడో మాత్రం వినపడదు. పైగా ‘ఊరికే చిందులు తొక్కకు’ అని పెద్దవాళ్లు నోరు మూయించేటప్పుడు అనే మాట ఇది. తప్పు చేసి దొరికిపోయి ఎగిరిపడేవాడికి, హోదా చూపించి అరిచేవాడికి భేషుగ్గా సరిపోతుంది. అదే, మార్కెట్ యార్డులో ధాన్యం వానకు తడుస్తుంటే ఇంకా కాంటా ఎందుకు పెట్టలేదని నిలదీసిన రైతులకు దీన్ని అంటగడితే అన్యాయం. వాళ్లు మండిపడ్డారు.

మండిపడటంలో కడుపుమంట ఉంది. లోపల ఏదో కాలితేనే మనిషి మండిపడతాడు, కాబట్టి చదివేవాడు వెంటనే ‘ఎందుకు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే ఈ మాట గొప్పతనం. మండిపాటు అని నామవాచకం కూడా ఉంది గనక హెడ్డింగులో సులువుగా ఇమిడిపోతుంది.

విరుచుకుపడటం అలా కాదు. 1977 నవంబరులో దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది, 2014 అక్టోబరులో విశాఖ మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. అవతల దెబ్బతినేవాళ్లుంటేనే ఈ మాట నిలబడుతుంది. పై అధికారి గుమస్తా మీద విరుచుకుపడ్డాడంటే నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. మూడు నెలలుగా జీతాల్లేని కార్మికులు యాజమాన్యం మీద విరుచుకుపడ్డారని రాశారనుకోండి, పాపం యాజమాన్యం అనిపిస్తుంది చూడండి! జాలి ఎటు పోవాలో అటు పోకుండా ఆ ఒక్క క్రియే దారి మళ్లించేస్తుంది.

ఇక నిప్పులు చెరగడం. చేటలో బియ్యం చెరుగుతుంటే పొట్టు ఆగకుండా ఎగిరి ముందుకు పడుతుంటుంది, అక్కడ పొట్టు బదులు నిప్పులన్నమాట. రోహిణీ కార్తె ఎండ నిప్పులు చెరుగుతుంది, మంచి ఫాస్ట్ బౌలర్ నిప్పులు చెరుగుతాడు. రెండింట్లోనూ ఉన్నది ఎడతెగకపోవడమే. అందుకే అరగంట పాటు ఏకబిగిన సాగిన ప్రసంగానికైతే బాగుంటుంది. ఒక్క ముక్క అని కూర్చున్న నాయకుడికి కూడా ఇదే తగిలించడం దండగ.

హెడ్డింగుల్లో మండిపడ్డారనడానికి బదులు వేసే ‘ఫైర్’ సంగతంటారా, చోటు కలిసొస్తుంది, అంతకు మించి ఏమీ చెప్పదు.

అన్నిటికన్నా నాకు కష్టమనిపించేది ఇంకొకటి. సభలో మగ నాయకుడు గొంతు పెంచితే ‘గర్జించారు’ అంటాం. అదే సభలో, అదే విషయం మీద ఆడమనిషి గొంతు పెంచితే ‘కస్సుబుస్సులాడారు’ అనో ‘గయ్యిమన్నారు’ అనో అంటాం, మరీ గట్టిగా మాట్లాడితే ‘శివాలెత్తిపోయారు’. ఆయనకేమో సింహం, ఆమెకేమో పాము బుస! శివాలెత్తడం జాతరలో శివసత్తులకు పూనకం వచ్చినప్పుడు అనాల్సిన మాట, అక్కడ దానికి భక్తి ఉంది, మర్యాద ఉంది. దాన్ని తెచ్చి లెక్కలు అడిగిన సర్పంచమ్మకు పెడితే ఆమె ఒళ్లు తెలియకుండా మాట్లాడిందనే అర్థం వస్తుంది. కస్సుబుస్సులు, చిర్రుబుర్రులు, రుసరుసలు ఇంట్లో చిన్నాచితకా అలకలకు ఉంచుకుందాం.

తప్పెవరిదో ఇంకా తేలకముందే రాయాల్సి వస్తే నేనైతే మండిపడ్డారనే రాస్తాను, వీలుంటే అదీ తీసేసి వాళ్లన్న మాటలే పెట్టి, కింద ‘గట్టిగా అడిగారు’ అంటాను. చిందులు మాత్రం, తొక్కినవాణ్ణి నేను కళ్లారా చూసినప్పుడే.