పేకముక్కల్లో 0.5 మి.మీ. మ్యాగ్నెట్లు: బాగా వాడాక

గారడీలో ఒకదానికొకటి అంటుకునే ట్రిక్కు ముక్కలు సొంతంగా చేసుకునేవాళ్లకి 5 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. మందం ఉన్న నియోడిమియం మ్యాగ్నెట్ బిళ్లలే సరైనవని ఇప్పటికీ అంటాను. ఫ్రిజ్‌కి అంటించే రబ్బరు షీటు కొనడం డబ్బు దండగ. అందులో ధ్రువాలు చారలు చారలుగా ఉంటాయి కాబట్టి పట్టంతా పైపైనే. మధ్యలో రెండు ముక్కలు అడ్డం వస్తే జారిపోతుంది.

అయితే ఈ బిళ్లల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది: తుప్పు. పైకి కనిపించే మెరుపంతా నికెల్ పూతది. లోపలి పదార్థం పింగాణీలా పెళుసు, పైగా చెమ్మ తగిలితే నిలవదు. రెండు బిళ్లలు ఎగిరి టప్పున కొట్టుకుంటే చాలు, అంచున పూత లేస్తుంది. కంటికి ఆనదు కూడా. దాన్ని తెల్ల జిగురు రాసి ముక్కలో పెట్టేస్తే ఆ తడి కాగితాల మధ్య ఇరుక్కుపోతుంది. మొదట్లో ఏమీ తెలియదు. కొన్నాళ్లకు ఆఠీను రాణి పక్కన తెల్లటి చోట లేత గోధుమరంగు చుక్క తేలుతుంది, మెల్లగా బిళ్ల చుట్టూ గుండ్రటి మరకవుతుంది. అప్పుడు ముక్క విప్పితే అంచు పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి బిళ్లనే పట్టుకుని ఉంటుంది, ఎంత తుడిచినా వదలదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

అందుకే బిళ్లల్ని లాగి విడదీయకూడదు, పక్కకి జరిపి తీయాలి. భూతద్దంలో అంచు చూసి, పూత లేచినదాన్ని పక్కన పడేయాలి. మంచివాటికి నెయిల్ పాలిష్ పల్చగా ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వాలి. అంటించడానికి స్ప్రే గమ్ గానీ పల్చటి డబుల్ సైడ్ టేప్ గానీ వాడాలి, నీళ్లు కలిసిన జిగురు అసలు వద్దు.

ఇక మందం సంగతి. మామూలు కాగితం ముక్క సుమారు 0.3 మి.మీ. ఉంటుంది. మూల దగ్గర గోటితో రేపితే రెండు పొరలుగా విడుతుంది (ప్లాస్టిక్ ముక్కలు విడవవు). ఒక ముక్క నుంచి బొమ్మ పొర, ఇంకో ముక్క నుంచి వెనక పొర తీసుకుని, మధ్యలో 5 మి.మీ. చిల్లు కొట్టిన పూర్తి ముక్క పెట్టాలి. చిల్లుకి తోలు పంచి బాగుంటుంది. బిళ్ల ఇంకా 0.2 మి.మీ. పైకే ఉంటుంది. ఆ ఉబ్బు రాజు, రాణి, జాకీల బొమ్మలో కలిసిపోతుంది గానీ రెండూ మూడూ అంకెల ముక్కల్లో తెల్లటి చోట పక్క వెలుతురుకి పట్టిచ్చేస్తుంది. ముక్క రెండింతల మందం అవుతుంది కాబట్టి కట్టలోంచి ఒక జోకర్ తీసేస్తే ఎత్తు సరిపోతుంది.

పొరలు బాగా అతుక్కోవాలని ఇస్త్రీ పెట్టొద్దు. మామూలు గ్రేడు బిళ్లలకి 80 డిగ్రీలే హద్దు, ఇంత పల్చటివి అంతకన్నా ముందే బలం కోల్పోతాయి. చల్లారినా ఆ బలం తిరిగి రాదు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో కట్ట వదిలేయడం కూడా మంచిది కాదు. బలమైన గ్రేడు ఎన్52 అని ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. మామూలు గ్రేడు ఎన్35 కన్నా అయస్కాంత క్షేత్రం సుమారు 20 శాతమే ఎక్కువ.

పైన అంతగా మెచ్చుకున్నా, రెండు ముక్కల్లోనూ మ్యాగ్నెట్లు పెట్టడం నేను మానేశాను. ఒకదానిలో బిళ్ల, రెండోదానిలో 0.1 మి.మీ. స్టీలు షిమ్ (పల్చటి రేకు ముక్క) చాలు. ధ్రువాలు చూసుకునే పని లేదు, రెండో ముక్కకి ఉబ్బూ దాదాపు ఉండదు. పట్టు మాత్రం కొంత తగ్గుతుంది. షిమ్ అంచుల్ని సన్న గరుకు కాగితంతో రుద్దకపోతే పొరని కోసేస్తుంది.

నాది బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా చూపించే పని కాబట్టి ఇది సరిపోయింది. పేక వంచి బర్రున కలిపేవాళ్లకి బిళ్ల చుట్టూ మడత పడుతుంది, వాళ్లు ముక్కలో షిమ్ మాత్రమే ఉంచి మ్యాగ్నెట్‌ని బల్లగుడ్డ కిందికి మార్చుకుంటే మేలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే విడి బిళ్లలు తాళం వేసి పెట్టాలి. రెండు మింగితే పేగుల్ని మధ్యలో నొక్కి చిల్లు పెడతాయి.