బొమ్మలో నిండు చెరువు

హనుమకొండలో మేం దిగిన లాడ్జిలో రిసెప్షన్ వెనక గోడంతా ఒకటే బొమ్మ, లక్నవరం. అంచుల దాకా నీలి నీళ్లు, వేలాడే వంతెన, పచ్చటి గుట్టలు. మనిషి ఒక్కడూ లేడు.

"బావా, రేపు ముందు అక్కడికే" అన్నాను.

మా బావ డ్రాయింగ్ టీచర్. దగ్గరికెళ్లి చూసి, "ఇది వానలు పడ్డాక గీసిన చెరువు బామ్మర్దీ. మనమొచ్చింది ఏప్రిల్‌ల" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

గది శుభ్రంగానే ఉంది, హారన్ల మోతకే నిద్ర పట్టలేదు. మాట్లాడుకున్న కారు గంట ఆలస్యంగా వచ్చింది. బస్సులను నమ్ముకుంటే రామప్ప, లక్నవరం రెండూ ఒక్కరోజులో చూడడం కష్టం, అందుకే ఓర్చుకున్నాం.

లక్నవరంలో నీళ్లు బాగా వెనక్కి పోయాయి. ఒడ్డు పొడుగునా ఎండి బీటలిచ్చిన బురద. బోటు కోసం పెద్ద లైను. ఇంత దూరం వచ్చింది దీనికా అని విసుక్కుంటుంటే, టీ కొట్టు పెద్దమ్మ నవ్వింది. "నీళ్లు యాడికి పోతయి బిడ్డా? పొలాలకు ఇడిశిండ్రు."

గోవిందరావుపేట మండలంలో రోడ్డు పక్కన వెన్ను వేసిన యాసంగి వరిని కారు కిటికీలోంచి చూస్తూనే వచ్చాను. ఆ చెరువు నీళ్లే అవి. కాకతీయుల నాటి సాగునీటి చెరువును నేను స్విమ్మింగ్ పూల్‌లా ఊహించుకున్నాను.

వంతెన మీద అందరూ చెరువుకు వీపు పెట్టి సెల్ఫీలు దిగుతున్నారు. బావ ఒక సంగతి చెప్పాడు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ యాత్రికులు క్లాడ్ గ్లాస్ అనే నల్లటి చిన్న అద్దం వెంట పెట్టుకునేవారట. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ లొరేన్ పేరు దానికి. దృశ్యానికి వీపు తిప్పి, అద్దంలో అది ఆయన బొమ్మలా కనబడుతోందా లేదా అని చూసుకునేవారు. అలాగని బొమ్మలన్నీ మోసమే అంటే బావ ఒప్పుకోడు. 1871లో థామస్ మోరన్ యెల్లోస్టోన్‌కు వెళ్లి వేసిన రంగుల చిత్రాలు అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లాయి, మరుసటి ఏడే అది నేషనల్ పార్కు అయింది.

తిరిగొస్తూ ములుగులో మెస్ భోజనం. పచ్చిపులుసు ఒక్కదానికే మళ్లీ వెళ్లొచ్చు.

రామప్పకు మిట్టమధ్యాహ్నం చేరడం మా తప్పు, రాతి మీద అరికాళ్లు కాలిపోయాయి. పొద్దున్నే వెళ్లండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పచ్చికలో నిలబడి, పోస్టర్లో ఉన్న కోణంలోనే నేనూ ఫొటో తీశాను. నల్లరాతిలో చెక్కిన మదనికల, అంటే నాట్యగత్తెల శిల్పాల దగ్గర మాత్రం ఫోన్ జేబులో పెట్టి గంటసేపు నిలబడ్డాను. వాటిని ఏ ఫొటో పట్టుకోలేదు.

బావ గుడిని గీయలేదు. రామప్ప చెరువు కట్ట ఎక్కి, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు వచ్చేలా గీస్తూ కూర్చున్నాడు. డ్రైవర్ సణుగుతూనే ఉన్నాడు, చివర్లో వెయిటింగ్ పేరుతో అదనంగా గుంజాడు కూడా.

నిండు చెరువే కావాలంటే వానాకాలం చివర్లో లక్నవరం వెళ్లండి. దీవి మీద కాటేజీలున్నాయి, శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి.

రాత్రి లాడ్జిలో రిసెప్షన్ కుర్రాడు అడిగాడు, "లక్నవరం ఎట్లుంది సార్?"

బావ పుస్తకం తెరిచి పొద్దున గీసింది చూపించాడు. బీటలిచ్చిన బురద, దూరంగా సన్నటి నీటి గీత, టీ కొట్టు.

"మంచిగుంది సార్" అన్నాడు కుర్రాడు. "ఇది ఏ చెరువు?"