ఫొటో గోడకెక్కాలంటే: ఇంటి ప్రింటరా, కలర్ ల్యాబా?

తలకోన జలపాతం దగ్గర ఫోన్‌లో తీసిన ఫొటో హాల్లో పెట్టాలని మా ఆవిడ పట్టుబట్టింది. ముందు ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ మీదే గ్లాసీ పేపర్ పెట్టి ఏ4 సైజులో తీశాను. రంగులు ఫరవాలేదు కానీ, చెట్ల నీడలు నల్లగా ముద్దకట్టాయి. మా ప్రింటర్‌లో రంగులు డై ఇంకులు, అంటే నీళ్లలో కరిగే రకం. తడి తగిలితే చెదురుతాయి, ఎండ పడే గోడ మీద త్వరగా వెలుస్తాయి.

తర్వాత తిరుపతిలో ఒక కలర్ ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాను. వాళ్లది ఇంకు పని కాదు, కాంతికి స్పందించే కాగితాన్ని రసాయనాల్లో కడిగే పద్ధతి. నీడలో ఆకులు కూడా విడివిడిగా కనిపించాయి! కాకపోతే 12x8 అంగుళాల ప్రింటులో మావాడి జుట్టు పైన తెగిపోయింది. ఫోన్ ఫొటో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, ఆ కాగితానిది 3:2. ఎత్తులో ఒక అంగుళం పోతుంది. క్రాపింగ్ మనమే చేసి ఇవ్వాలి. 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600x2400 పిక్సెళ్లు కావాలి కాబట్టి, వాట్సాప్‌లో మామూలుగా పంపి కుదించిన ఫొటో వద్దు.

గోడకి నా ఓటు ల్యాబ్‌కే. ఫ్రిజ్ మీద అంటించే చిన్నవాటికి మాత్రం ఇంటి ప్రింటరే హాయి, అదీ ఇంకు చిమ్మే నాజిల్ ఎండిపోకుండా ఉంటే.